ఏడు గంటల కట్టు: పచ్చంచు తువ్వాలు

పోయిన వారం విజయమ్మను నిర్మలమ్మగారి ఇంటి మెట్ల మీద నిలబెట్టి మనం హాయిగా వెళ్ళిపోయాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. లోపలికి రమ్మన్నవాళ్ళు లేరు. వెనక్కు తిరిగి పోదామంటే ఆవిడ అట్లా పోయే రకం కాదు. ఇప్పుడే పత్రిక చేతికి తీసుకున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి, ఆవిడ వెంట లోపలికి పోదాం.

ప్రొద్దుటూరుకూ జమ్మలమడుగుకూ నడుమ, పెన్న ఒడ్డున ఉన్న చిన్న మున్సిపాలిటీ పెన్నంపేట. ఊరికి రెండు వర్గాలు. కిందివీధి వర్గం నిర్మలమ్మగారి ఇంటిది, ఎగువవీధి వర్గం వాళ్ళ దాయాదులది. ఈ ఇల్లు ఒక పార్టీలో చేరిందంటే చాలు, తెల్లారేసరికి ఆ ఇల్లు ఎదుటి పార్టీ జెండా కట్టేస్తుంది. కొన్నేళ్ళ కిందట నిర్మలమ్మగారి ఒక్కగానొక్క కొడుకు మధుసూదన పులివెందులలోని అమ్మమ్మ ఇంటికి పోయి వస్తూ, రాత్రిపూట బస్టాండులో దిగిన చోటే కత్తులకు బలయ్యాడు. ఇరవై ఏళ్ళు కూడా నిండని పిల్లవాడు. ఆ దుఃఖంలోంచి పుట్టిందే మున్సిపల్ కౌన్సిల్ పెట్టిన ఏడు గంటల కట్టు. ఇరవై ఒకటి నిండనివాళ్ళు సాయంత్రం ఏడు దాటాక వీధిలో కనబడకూడదు. కనబడితే పోలీసులు పట్టుకుపోయి తెల్లారేదాకా స్టేషన్లో కూర్చోబెడతారు. ఊరి పెద్ద ఎవరైనా పూచీ పడితే మాత్రం వదిలేస్తారు.

ఆ చివరి మాటే ఊరి కొంప ముంచింది. పనికి పోయేవాడికీ, చదువుకు పోయేవాడికీ రోజూ పెద్దమనిషి వచ్చి పూచీ పడతాడా? అందుకని పెద్దలు ఒక ఉపాయం కనిపెట్టారు. కిందివీధి వాళ్ళు పూచీ ఇచ్చిన కుర్రాడికి పచ్చంచు తువ్వాలు, ఎగువవీధి వాళ్ళు ఇచ్చినవాడికి ఎర్రంచు తువ్వాలు. భుజం మీద తువ్వాలు ఉంటే పోలీసు కన్నెత్తి చూడడు. ఎంత తెలివో చూడండి! పోలీసులకు గుర్తు దొరికిందనుకున్నారు గానీ, శత్రువుకు కూడా గుర్తు దొరికిందని ఒక్కరికీ తోచలేదు. దూది మిల్లులో పనిచేసే ఓబులేసు, ఏ వర్గానికీ చెందనివాడు, పని నుంచి ఇల్లు చేరడానికి పచ్చంచు తువ్వాలు కప్పుకున్నాడు. ఎగువవీధి వాళ్ళు ఆ అంచు చూసి బాంబు వేశారు. జమ్మలమడుగు ఆసుపత్రిలో మణికట్టు దాకా కుడిచెయ్యి తీసేశారు.

ఓబులేసు తండ్రి తరఫున ప్రొద్దుటూరు వకీలు రహమతుల్లా హైకోర్టుకు వెళ్ళాడు. కట్టును రాజ్యాంగానికి తగ్గట్టు మార్చుకునేందుకు కౌన్సిల్‌కు కోర్టు ఒక అవకాశం ఇచ్చింది. కౌన్సిల్ కాదంటే విచారణ సాగుతుంది, అది ఎన్నేళ్ళు సాగుతుందో ఆ దేవుడికే తెలియాలి. అందాకా కట్టు కట్టే, తువ్వాలు తువ్వాలే. రేపు ఉదయమే ఓటు. జన్మలో కలవని రెండు వర్గాలూ ఈ ఒక్క విషయంలో ఒకటై మార్పు వద్దంటున్నాయి. మిగిలినవాళ్ళు మార్చాలంటున్నారు. లెక్క చెరి సగానికి వచ్చి ఆగింది. ఇక తేల్చవలసింది చైర్‌పర్సన్ నిర్మలమ్మ చెయ్యి.

అదీ సంగతి. ఇప్పుడు లోపలికి పోదాం.

"నిలబడే ఉండావా టీచరమ్మా? పోయింటావులే అనుకుంటి" అంది నిర్మలమ్మ, వసారాలోకి వచ్చి.

"పోయేదానికి రాలేదు నిర్మలక్కా" అంది విజయమ్మ.

విజయమ్మ మిషన్ బడి టీచరు. క్రైస్తవుల పేట నుంచి మొదటిసారి కౌన్సిలర్‌గా గెలిచింది. భర్త పోయాక కొడుకు కృపానందాన్ని ఒంటిచేత్తో పెంచుకొస్తోంది. ఈ ఇంటి మెట్లెక్కడం ఆవిడకు కొత్త కాదు, మధుసూదనకు మూడో తరగతి చెప్పింది ఆవిడే. కానీ అప్పట్లో వచ్చింది పిల్లవాడు చదవడం లేదని చాడీ చెప్పడానికి. ఈ రాక అలాంటిది కాదు. ఆవిడ మంచినీళ్ళు కూడా అడగలేదు.

వసారాలో చాప మీద కొత్త తువ్వాళ్ళ కట్ట ఉంది. మగ్గం మీంచి వచ్చినవి వచ్చినట్టే, రెండేసి అతుక్కుని ఉన్నాయి. నిర్మలమ్మ కూర్చుని కత్తెర తీసుకుని, జతలను విడదీసి మడతపెట్టడం మొదలుపెట్టింది. ఆ పనికి ఇంట్లో పదిమంది ఉన్నారు. అయినా తువ్వాలు మాత్రం ఆవిడ చేతి మీదుగానే పోవాలి. అందరికీ తెలిసిన విషయమే.

"కూచో. చెప్పు" అంది తలెత్తకుండానే.

"రేపు మీ చెయ్యి నాకు కావాల."

"నా కొడుకు పేరు చెరిపేదానికి నా చెయ్యే కావాల్నా నీకు?"

"మధు పేరు ఎవరు చెరుపుతారక్కా? వాడు నా పిల్లోడు గాదా?"

కత్తెర ఒక క్షణం ఆగి మళ్ళీ నడిచింది.

"నా బిడ్డ పోయినంక ఈ ఊర్లో రాత్రిపూట ఎంతమంది పిల్లోళ్ళు సచ్చినారో చెప్పు టీచరమ్మా. ఒక్కడు. ఒక్కని పేరు చెప్పు."

"ఎవరూ సావలే."

"మళ్ళ? కట్టు పనిచేసినట్టా, కాదా?"

విజయమ్మకు ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. వారం నుంచి దీనికి జవాబు మనసులో వల్లె వేస్తూనే ఉంది. కడుపుకోతను ఎదురుగా పెట్టుకుని వాదించడం ఎంత పాపిష్టి పనో ఆవిడకు ఇప్పుడు తెలిసింది. అయినా వాదించింది.

"కట్టు వల్ల కాదక్కా. అన్నేండ్లూ రెండు వీధులకూ రాజీ ఉండె. రాజీ చెడిన వారానికే ఓబులేసు చెయ్యి పాయె. అప్పుడు కట్టు ఉన్నిందిగా, అదెందుకు ఆపలే?"

నిర్మలమ్మ ఇంకో జతను కత్తిరించింది.

"వాడు మీ మనిషి కాదు, వాళ్ళ మనిషీ కాదు. మిల్లు నుంచి ఇంటికొచ్చి బువ్వ తినేదానికి మీ తువ్వాలు కప్పుకున్న్యాడు. ఏడు దాటితే వీధిలో నడిచేదానికి ఇంకో దావ ల్యాకుండా చేస్తిమి మనం. పిల్లోళ్ళను వర్గాలకు దూరంగా పెడదామని కట్టు పెట్టినాం. ఇప్పుడు చూడండి, ఊర్లో ఒక్క పిల్లోడన్నా ఏ అంచూ లేనోడు ఉండాడా?"

"వాళ్ళ వాళ్ళు కాపాడుకుంటాండారు. తప్పేంది?"

"కాపాడేది సర్కారు పని. మీ పనీ కాదు, మీ దాయాదుల పనీ కాదు. పద్దెనిమిది నిండినోడు ఓటేసి నన్నూ గెలిపించినాడు, మిమ్మల్నీ గెలిపించినాడు. ఓటుకు పెద్దోడు, వీధిలో నడిచేదానికి చిన్నోడా? ఈ దేశంలో యాడికైనా తిరిగే హక్కు వానికి ఉండాది. ఆపాలంటే కారణం చూపాల. ఖూనీ చేసినోణ్ణి పట్టుకున్నా గూడా ఎందుకు పట్టుకున్న్యారో చెప్పాల, దినం తిరక్కముందే మెజిస్ట్రేటు ముందర నిలబెట్టాల. మన స్టేషన్లో ఏ తప్పూ చేయనోళ్ళు తెల్లార్లూ గోడకానుకొని కూచోనుండారు. వాళ్ళకు ఖూనీకోరుకుండే మర్యాద కూడా ల్యా."

"ఆ రాజ్యాంగం నా కొడుకును కాపాడిందా?" నిర్మలమ్మ గొంతు పెంచలేదు. అందుకే ఆ మాట మరీ గట్టిగా తగిలింది. "బస్టాండులో అంతమంది ఉండిరి. ఒక్కరు అడ్డం రాల్యా. నీ రాజ్యాంగం యాడ పోయింది ఆ పొద్దు?"

విజయమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. "కాపాడలేదక్కా. అబద్ధం చెప్పను. అది దానంతటది వచ్చి అడ్డం నిలబడదు. మనం పోయి నిలబడాల. నేను కట్టంతా తీసెయ్యమని అడగల్యా. చిన్న పిల్లోళ్ళు రాత్రిపూట కనపడితే పోలీసోళ్ళు ఇంటికి తెచ్చి అమ్మానాయిన చేతికి అప్పజెప్పనీ, స్టేషన్‌కు మాత్రం వద్దు. పద్దెనిమిది నిండినోళ్ళ జోలికి పోనేవద్దు. చదువుకో, పనికో, ప్రార్థనకో, రోగానికో పోయేవాళ్ళను చిన్నోళ్ళయినా సరే ఆపొద్దు. ఇంగ ఈ పూచీ అనే మాట కొట్టెయ్యాల. అది ఉన్నంతకాలం పిల్లోళ్ళు మీకన్నా అమ్ముడుపోవాల, వాళ్ళకన్నా అమ్ముడుపోవాల."

ఆఖరి మాట కొంచెం హద్దు దాటిందని ఆవిడకే అనిపించింది. దాటితే దాటిందిలే అనుకుంది.

నిర్మలమ్మ చేతిలో తువ్వాలు మడత పూర్తిచేసి, కట్ట మీద పెట్టి, అంచు సరిచేసింది. అప్పుడు మొదటిసారి తలెత్తి చూసింది.

"శానా బాగా చెప్తివి. బడిలో గూడా ఇట్లనే చెప్తాంటివని మధు అనేటోడు. సరే, ఒక మాట అడుగుతా. నీ కృపానందం ప్రొద్దుటూరు నుంచి యే బస్సుకు వస్తాడు?"

"ఏడున్నర బస్సుకు. కాలేజీ అయినాక టైపు నేర్చుకుంటాడు."

"వానికి పంతొమ్మిదే గదా. ఏడు దాటినంక బస్టాండు నుంచి మీ పేట దాకా రోజూ ఎట్ల నడిచి వస్తాండాడు?"

"నేను కౌన్సిలర్‌నని పోలీసోళ్ళు..." విజయమ్మ మాట సగంలో ఆగింది. నిర్మలమ్మ ముఖంలో ఉన్నది ఎగతాళి కాదు. ఒక తల్లి ఇంకో తల్లి వంక చూసే చూపు అది. అదే భయం పుట్టించింది.

"పోయిన ఉగాది కాడ వచ్చినాడు. నా చేత్తోనే ఇచ్చినా. మీ ఇంటి మలుపు కాడ తీసి పుస్తకాల్లో పెట్టుకుంటాడంట. అమ్మకు చెప్పొద్దు పెద్దమ్మా అని చెయ్యి పట్టుకున్న్యాడు. నేనెందుకు చెప్తా? చెప్పలే. నువ్వు ఇంత దూరం రాకపోయింటే ఇప్పుడు గూడా చెప్పేదాన్ని కాదు."

ఏడాది కావస్తోంది. విజయమ్మ లెక్క వేసుకుంది. ఏడాదిగా వార్డులో ప్రతి గడపా ఎక్కి, మీ పిల్లల భుజాన ఆ అంచు వేయనీయకండి అని చెప్పుకుంటూ తిరిగింది. విన్నవాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో? ఎంతమంది తల ఊపి, ఆవిడ మలుపు తిరగగానే నవ్వుకున్నారో? సిగ్గుతో ఒళ్ళంతా మండిపోయింది. ఆ వెనకే కొడుకు మీద కోపం వచ్చింది, దాని వెనకే కొడుకు మీద జాలి. వాడు మాత్రం ఏం చేస్తాడు? తెల్లార్లూ స్టేషన్లో కూర్చుంటే పరీక్ష ఎవరు రాస్తారు? తల్లిని తలదించుకునేలా చేయకూడదని దాచుకుని ఉంటాడు. వెర్రి నాయన.

ఇక్కడ చాలామంది లేచి వెళ్ళిపోయి ఉండేవాళ్ళు. నేనైతే తప్పకుండా వెళ్ళిపోయేవాణ్ణి. విజయమ్మ చీర కొంగు నడుముకు బిగించుకుంది.

"నాకు తెలీదక్కా. తెలిసింటే ఆ పొద్దే మీ ముందర పెట్టిపోయింటా. నా ఇంట్లోకే వచ్చిందంటే ఈ ఊర్లో ఇంగ ఎవరి ఇల్లు మిగిలింది? నేను చెప్పేది అబద్ధం కాదని మీరే చూపిస్తిరి."

బయట ఎద్దుల బండి ఒకటి గలగలమంటూ పోయింది. నిర్మలమ్మ కత్తెర పక్కన పెట్టింది.

"నా మరిది సాంబశివారెడ్డి పొద్దున్నుంచి చెప్తాండాడు, ఆ టీచరమ్మ మాట వింటే మన వర్గం వారంలో మట్టి గొట్టుకపోతాదని. నేను వర్గం కోసం కట్టు పెట్టల్యా. బిడ్డ కోసం పెట్టినా. ఓబులేసు చెయ్యి పోయిన పొద్దు నుంచి నాకూ నిద్ర ల్యా. వానికి తువ్వాలు ఇచ్చింది గూడా ఈ చెయ్యే." ఆవిడ తన అరచేతి వంక చూసుకుంది. "అయినా నాకు భయం టీచరమ్మా. తువ్వాలు తీసేస్తే ఎవరో ఒకని అమ్మ రేపు నా గడప కాడికొచ్చి దుమ్మెత్తి పోస్తాది. నీ పిల్లోడు సచ్చె, నా పిల్లోణ్ణీ సంపితివా అంటాది. ఆ మాట పడేదానికి నువ్వు ముందర నిలబడతావా?"

"నిలబడతా."

"మాటలొద్దు. ఈ పొద్దు నీ కొడుకు బస్టాండు నుంచి మీ ఇంటి దాకా తువ్వాలు ల్యాకుండా నడిచి రావాల. నువ్వు పక్కన నడిస్తే నడువు. పోలీసోళ్ళు ఆపితే ఆపనీ. కౌన్సిలర్‌నని మాత్రం నోరు తెరవొద్దు. ఊర్లో అందరి అమ్మలూ ఎట్ల నిలబడతారో అట్ల నిలబడాల. మా గుమాస్తా నారాయణను పంపిస్తా, చూసొచ్చి చెప్తాడు. నీ బిడ్డతో నువ్వా పని చేయగలిగితే, రేపు నా చెయ్యి నీ పక్క లేస్తాది."

"పంపించండి" అంది విజయమ్మ.

మెట్లు దిగి నడుస్తూ కొడుకును ఏమనాలో ఆలోచించుకుంది. తిట్టకూడదు. ఇంటికి పోయాక తిట్టొచ్చు. ముందు తువ్వాలు తీయించాలి, ఎందుకో చెప్పాలి. వాడు తెలివైనవాడు, ఒక్క మాట చెబితే అర్థం చేసుకుంటాడు. రహమతుల్లా చెప్పిన మాట గుర్తు తెచ్చుకుంది. పోలీసు ఆపితే పరుగెత్తకూడదు, ఎదురు తిరగకూడదు, ఏ కారణం మీద ఆపుతున్నారని మాత్రం అడగాలి. ఆ ఒక్క ప్రశ్న నేర్పిస్తే చాలు.

బస్టాండు చేరేసరికి దీపాలు వెలిగాయి. గేటు పక్కన పోలీసు జీపు రోజూ ఆగే చోటే ఆగి ఉంది. సోడా బంకు దగ్గర గుమాస్తా నారాయణ సైకిలు స్టాండు వేసుకుని, అటూ ఇటూ చూస్తూ నిలబడ్డాడు. ఏడు దాటడంతో కుర్రాళ్ళు పెద్దగా లేరు. ఉన్న ఇద్దరు ముగ్గురి భుజాల మీదా అంచులు మెరుస్తున్నాయి.

ఏడున్నర బస్సు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. దిగినవాళ్ళలో చివరివాడు కృపానందం. భుజం మీద పచ్చంచు తువ్వాలు. కళ్ళతో చూస్తే గానీ పూర్తిగా నమ్మలేదు విజయమ్మ, ఇప్పుడు నమ్మింది. తల్లిని చూడగానే వాడి ముఖం పాలిపోయింది. ఒక చంకలో పుస్తకాలు. రెండో చేత్తో ఒక గోనె సంచిని ఒంటికి తగలకుండా, అటూ ఇటూ ఊగకుండా ఎత్తిపట్టుకుని ఉన్నాడు.

"నువ్వేందమ్మా ఈడ?"

"నీకోసమే. రా పక్కకు." వాణ్ణి బస్సు చాటుకు తీసుకుపోయింది. "నాకు అన్నీ తెలుసు. తిట్టేదానికి రాల్యా. ఆ తువ్వాలు తీసి నాకియ్యి. ఈ పొద్దు మనిద్దరం ఉత్తిగనే నడిచి ఇంటికి పోతాండాం."

కృపానందం కదల్లేదు.

"తియ్యి నాయినా. నేనుండా గదా."

"ఈ ఒక్క పొద్దుకు వద్దమ్మా. రేపటి నుంచి వేసుకోను. నీ మీద ఒట్టు."

"ఈ పొద్దే తియ్యాల. పెద్దమ్మతో మాట తీసుకోని వచ్చినా. ఆ సంచి ఏంది?"

"గాజు సామాను. సాంబశివారెడ్డి మామ మనిషి ప్రొద్దుటూరు బస్టాండులో ఇచ్చినాడు. రేపు పొద్దున కౌన్సిల్ హాలు వెనక గేటు కాడికి తెమ్మన్యారు. ఇన్నాళ్ళూ తువ్వాలు ఇచ్చినాం గదా, ఒక్క పని చేయలేవా అన్యారు."

విజయమ్మ వంగి సంచి మూతి విప్పి చూసింది. లోపల నిండా రంపపు పొట్టు. దీపావళి మర్నాడు వీధిలో ఉండే వాసన ఒకటి గుప్పున వచ్చింది. రంపపు పొట్టులో ఏం పొదిగి తీసుకొస్తారో ఈ సీమలో పుట్టినవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఓబులేసు చెయ్యి తీసిందీ అలాంటిదే.

"తువ్వాలు తియ్యి కృపా" అంది మెల్లగా.

వాడు తల్లి కళ్ళలోకి చూశాడు. "తీస్తే పోలీసోళ్ళు ఆపి సంచి విప్పుతారమ్మా."

అంటే వీడికి తెలుసు. గాజు సామాను కాదని వీడికి తెలుసు.

విజయమ్మ తన చేత్తోనే వాడి భుజం మీది తువ్వాలు లాగి, మడిచి, బస్సు మెట్టు మీద పెట్టింది. రెండు చేతులతో సంచిని అందుకుంది. అనుకున్నదానికంటే బరువుగా ఉంది. పొదల్లో పారేస్తే పొద్దున్నే ఎవరి బిడ్డో తొక్కుతాడు. తువ్వాలు మళ్ళీ కప్పితే రేపు ఇది హాలు చేరుతుంది. మిగిలింది ఒకే దారి, అది జీపు ముందుగానే పోతుంది.

"నా వెనక నడువు. పరిగెత్తొద్దు" అని, బస్సు చాటు నుంచి వెలుతురులోకి అడుగు పెట్టింది. సోడా బంకు దగ్గర నారాయణ ఆవిడ చేతిలోని సంచిని చూశాడు, సైకిలు అక్కడే వదిలేసి వెనక్కు వెనక్కు నడిచాడు.

జీపులోంచి కానిస్టేబుల్ దిగి టార్చి వేశాడు. వెలుతురు ముందు కృపానందం ఉత్తి భుజం మీద పడింది, అక్కడి నుంచి జారి తల్లి చేతుల మీద ఆగింది.

"టీచరమ్మ గదా. పిల్లోని తువ్వాలేది? ఆ సంచి కింద పెట్టి విప్పమ్మా" అన్నాడు.